తూనీగ రెక్కలాంటి టైటానియం: ఎలా పెంచాలి, బ్యాక్టీరియా ఆకారం వల్లే చచ్చిందని ఎలా తేల్చాలి?

కంది_ఎంటెక్

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టుకి టైటానియం మీద, తూనీగ, సికాడా రెక్కల మీద ఉన్నట్టు బ్యాక్టీరియాను చంపే నానో స్తంభాలు (కంటికి కనపడనంత సన్నటి నిటారు పొడవులు) పెంచి, ఈ.కోలీ మీదా స్టెఫైలోకాకస్ ఆరియస్ మీదా పరీక్షించాలి. వెండి గానీ యాంటీబయాటిక్ గానీ పూయకూడదు, చంపితే ఆకారమే చంపాలి. ల్యాబ్‌లో ప్లాస్మా ఎచింగ్ (విద్యుదావేశం ఉన్న వాయువుతో ఉపరితలాన్ని చెక్కడం) లేదు. ఓవెన్, టెఫ్లాన్ లైనర్ ఉన్న 100 మిల్లీలీటర్ల హైడ్రోథర్మల్ బాంబు (ద్రావణాన్ని ఒత్తిడిలో వేడి చేసే మూత బిగించిన స్టీలు పాత్ర), మఫుల్ ఫర్నేస్ (కాల్చడానికి కొలిమి) ఉన్నాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బయట డబ్బు కట్టి వాడుకోవాలి. పేపర్లలో ఒక్కొక్కరిది ఒక్కో ఉష్ణోగ్రత. ఏది పట్టుకోవాలి? ప్లేట్లు ఎట్లా కోయించాలి? చివర్లో "చచ్చాయి" అని రాయడానికి ఏ పరీక్ష సరిపోతుంది?

తార్నాక_కెమిస్ట్

ముందు కొలతలు గుర్తుంచుకో, తర్వాత నువ్వు పెంచిన వాటిని వీటితోనే పోల్చాలి. 2012లో మెల్‌బోర్న్ స్విన్‌బర్న్ యూనివర్సిటీలో ఎలీనా ఇవనోవా బృందం సాల్టోడా క్లారిపెన్నిస్ అనే సికాడా (చెట్ల మీద గట్టిగా అరిచే రెక్కల పురుగు) రెక్కను పరీక్షించింది. స్తంభం ఎత్తు సుమారు 200 నానోమీటర్లు, కొన 60, అడుగు 100, పక్క స్తంభానికి దూరం 170. దాని మీద వాలిన సూడోమోనాస్ ఏరుజినోసా బ్యాక్టీరియా కణం మూడు నిమిషాల్లో కుప్పకూలింది. రెక్క మీద 10 నానోమీటర్ల బంగారం పూసి రసాయన స్వభావం మార్చేసినా అంతే చంపింది. "ఆకారమే చంపుతోంది" అనే మాటకు ఆధారం ఆ బంగారు పూతే. నీ ప్రాజెక్టులోనూ అది ఉండాలి.

2013లో అదే బృందం డిప్లకోడెస్ బైపంక్టేటా తూనీగ రెక్కనీ, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, ఆక్సిజన్ ప్లాస్మాతో చెక్కిన నల్ల సిలికాన్‌నీ చూపించింది. సికాడా రెక్క గ్రామ్ నెగటివ్‌లతోనే (పలచటి గోడ ఉన్న బ్యాక్టీరియా, ఈ.కోలీ లాంటివి) ఆగింది. నల్ల సిలికాన్ గ్రామ్ పాజిటివ్‌లనూ (దళసరి గోడవి, ఆరియస్ లాంటివి) బాసిల్లస్ బీజాలనూ కూడా చంపింది. ఎచింగే కావాలంటే ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ కింద బెంగళూరు ఐఐఎస్సీకో ఐఐటీ బాంబేకో అర్జీ పెట్టుకోవచ్చు. నీకున్న సామానుతో మాత్రం క్షార హైడ్రోథర్మలే (మూసిన బాంబులో క్షార ద్రావణంతో వేడి చెయ్యడం) దారి.

పద్ధతి ఇది. ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్: 60 మిల్లీలీటర్లకు 2.4 గ్రాములు. గుళికలు గాలిలోని తేమ పీల్చుకుంటాయి, త్వరగా తూచి డబ్బా మూసెయ్. ద్రావణం ప్లాస్టిక్ సీసాలోనే కలుపు, క్షారం గాజును కరిగించి అందులోని సిలికాను నీ ప్లేటు మీదకి తెస్తుంది. లైనర్‌లో 60 శాతం మించి నింపకు. ప్లేట్లు టెఫ్లాన్ స్టాండులో నిలువుగా నిలబెట్టు. పడుకోబెడితే కింది ముఖానికి ద్రావణం ఆడదు, పై ముఖం మీద మడ్డి పేరుకుంటుంది.

వేడి చేశాక బాంబును ఓవెన్‌లోనే చల్లారనివ్వు, నీళ్ళ కింద పెట్టకు. బయటికి తీసి డీఅయనైజ్డ్ నీళ్ళతో కడిగితే ఉపరితలం మీద ఉండేది సోడియం టైటనేట్. 0.6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గంట ఉంచితే సోడియం పోయి దాని చోట హైడ్రోజన్ చేరుతుంది. 37 శాతం ఆమ్లం 5 మిల్లీలీటర్లు 100కి పలచన చేస్తే అదే. ఆమ్లాన్ని నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళను ఆమ్లంలో కాదు. మళ్ళీ కడిగి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 450 దాకా తీసుకెళ్ళి గంట ఉంచితే టైటానియం డయాక్సైడ్ అవుతుంది.

కంది_ఎంటెక్

సార్, ఓవెన్‌లో ఎంత పెట్టాలి? సికాడాను అనుకరించిన పేపర్లో 240 అని ఉంది.

తార్నాక_కెమిస్ట్

240 దగ్గర నీటి ఆవిరి ఒత్తిడి సుమారు 33 బార్. 200 దగ్గర 15.5 మాత్రమే. టెఫ్లాన్ లైనర్‌ను 220 దాటించకూడదు. అది మెత్తబడి పెదవి దగ్గర వంకరపోతుంది, క్షారం కారి స్టీలు గోడను తింటుంది, తర్వాత మూత రాదు. 240 కావాలంటే పీపీఎల్ (ఇంకా ఎక్కువ వేడికి తట్టుకునే ప్లాస్టిక్) లైనర్ కొనాలి. లేదంటే 200కి దిగి కాలం పెంచుకో. 2, 4, 8 గంటలు ఒక్కో ప్లేటు వేసి చూడు. కాలం తక్కువైతే పొట్టి మొటిమలు, ఎక్కువైతే తీగలు పొడవై ఒకదాని మీద ఒకటి వాలి పొదల్లా అల్లుకుపోతాయి. నీకు కావాల్సింది ఆ మధ్యలో నిటారుగా నిలిచే దశ.

కాలం లెక్కపెట్టడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఓవెన్ 200 చూపిస్తుంది, దళసరి స్టీలు లోపలి ద్రావణం ఇంకా వెనకాలే ఉంటుంది. రెండు గంటల రెసిపీలో సగం వేడెక్కడానికే పోవచ్చు. ఓవెన్‌ను ముందే వేడి చేసి బాంబు పెట్టడం, చల్లగా ఉన్నప్పుడే పెట్టడం ఒకటి కావు. ఏది చేసినా ప్రతిసారీ అదే చేసి, థీసిస్‌లో అదే రాయి.

జీడిమెట్ల_టూల్‌రూమ్

కోత సంగతి నేను చెప్త తమ్మీ. గ్రేడ్ 2 (వేరే లోహం కలపని టైటానియం) షీటు తీస్కో, ఒక మిల్లీమీటర్ మందం సాలు. మన ఊర్లనే కంచన్‌బాగ్‌ల మిధాని, సర్కారు లోహాల కంపెనీ, టైటానియం చేస్తది గానీ, ఇంత చిన్న ముక్క కావాలంటే స్టాకిస్టు దగ్గర టెస్ట్ సర్టిఫికెట్‌తోని తీస్కునుడే నయం. సర్టిఫికెట్ లేని ముక్క అస్సలు ముట్టకు.

10×10 మిల్లీమీటర్ల ముక్కలకు వైర్‌కట్ (కరెంటు నిప్పురవ్వలతోని తీగ కోసుడు) మంచిగుంటది. షేరింగ్ మిషన్ల కోస్తే అంచు వంగుతది, మైక్రోస్కోపు కింద సగం ముఖం ఫోకస్‌ల ఉండదు. కానీ వైర్‌కట్‌కు వాడేది ఇత్తడి తీగ. కోసిన అంచు మీద కరిగి గడ్డకట్టిన పొర ఉంటది, దాంట్ల రాగి, జింకు ఉంటయి. రాగి పురుగుల్ని సంపుతది. ఆ పొర తియ్యకుంట పరీక్ష పెడితే నీ నానో స్తంభాలకు రాగి చేసిన పనికి మార్కులొస్తయి. అంచులు నాలుగు దిక్కుల ఎమెరీ మీద రుద్దాలె.

పాలిషింగు: 320, 600, 800, 1200 సిలికాన్ కార్బైడ్ కాగితం, నీళ్ళు పోస్కుంటనే. ఒక్కో కాగితానికి ముక్కను 90 డిగ్రీలు తిప్పుర్రి, పాత గీతలు పొయ్యేదాంక. టైటానియం జిగట లోహం, గట్టిగ నొక్కితే గీత పోదు, దాని మీద లోహం పూస్కపోయి దాక్కుంటది. ఆఖరుకు 0.04 మైక్రాన్ల కొల్లాయిడల్ సిలికా, దాంట్ల పదోవంతు హైడ్రోజన్ పెరాక్సైడ్. పొడిగ రుద్దొద్దు. టైటానియం సన్నపొడి అంటుకుంటే నీళ్ళతోని ఆరదు, ఎక్కువైతది. పక్కన ఎండిన ఇసుక బకెట్ పెట్టుకో.

సెమ్_చూపు

పాలిషింగ్ అయ్యాక అసిటోన్, ఇథనాల్, డీఅయనైజ్డ్ నీళ్ళు, ఒక్కో దాంట్లో పదేసి నిమిషాలు అల్ట్రాసోనిక్. ఇరుక్కున్న సిలికా రేణువులు ఫోటోలో స్తంభాల్లాగే కనిపిస్తాయి, జాగ్రత్త.

మైక్రోస్కోపు గంటకు డబ్బు కడుతున్నావు కాబట్టి ఏం అడగాలో రాసుకుని వెళ్ళు. పైనుంచి తీసిన ఫోటోలో కొన వ్యాసం, దూరం వస్తాయి, ఎత్తు రాదు. స్టేజిని 45 డిగ్రీలు వంచి తీసి, కొలిచిన పొడవును 0.707తో భాగించు. ప్లేటుకు మూడు చోట్ల, మధ్యలోనే కాక అంచు దగ్గర కూడా. ఫోటో కోసం మైక్రోస్కోపు వాళ్ళు పూసే లోహపు పూత 5 నానోమీటర్లు మించనివ్వకు. 40 నానోమీటర్ల కొన మీద చుట్టూ 10 పూస్తే నువ్వు కొలిచేది 60, అందులో మూడోవంతు పూతే.

బ్యాక్టీరియాతో తీసే ఫోటోల గురించి గట్టిగా చెప్పాలి. రసాయనంతో ఫిక్స్ చేసి (ఉన్న ఆకారంలో గట్టిపరచి), ఇథనాల్‌లో నీరు తీసేసి, ఆరబెట్టిన కణం ఎక్కడున్నా కొంత కుంచించుకుపోతుంది. నునుపు ప్లేటు మీద కూడా నలిగిన ఈ.కోలీ దొరుకుతుంది. ఒక్క ఫోటో పెట్టి "పొర చీలింది" అని రాస్తే ఒప్పుకునేది లేదు. నునుపు ప్లేటూ నానో ప్లేటూ ఒకే గిన్నెలో, ఒకే ద్రావణాల్లో, ఒకేసారి తయారు కావాలి. వాటి మీద నలిగిన కణాల శాతం పోల్చాలి, అదీ ఏ ఫోటో ఏ ప్లేటుదో తెలియనివాళ్ళు లెక్కపెట్టాలి.

ప్లేట్_కౌంట్

ఇక నా వంతు. ఈ సబ్జెక్టులో గందరగోళమంతా ఇక్కడే ఉంది: అతుక్కోకపోవడం వేరు, చావడం వేరు. ఫ్లోరిడా యూనివర్సిటీలో ఆంథొనీ బ్రెన్నన్ సొరచేప చర్మం చూసి చేసిన షార్క్‌లెట్ ఉంది కదా, 2 మైక్రాన్ల గట్లు, 3 మైక్రాన్ల ఎత్తు, అది బ్యాక్టీరియాను చంపదు, కుదురుగా కూర్చోనివ్వదు. నానో ప్లేటు కడిగి, అతుక్కున్న వాటిని గీకి, కాలనీలు (బతికిన కణాలు పెరిగి కట్టే గుంపులు) తక్కువొచ్చాయని "చంపింది" అంటే రెంటినీ కలిపేసినట్టే. చావకుండా ద్రావణంలోకి పోయినవి ఏమయ్యాయి?

24 గుంతల ప్లాస్టిక్ పరీక్ష ప్లేటులో నీ ముక్క పడుతుంది (ముక్క మూల నుంచి మూలకు 14.1 మిల్లీమీటర్లు, గుంత 15.6). కానీ అందులో ఒక మిల్లీలీటరు పోస్తే నీటి లోతు 5 మిల్లీమీటర్లకు పైనే. ఈ.కోలీ పొడవు ఒకటి రెండు మైక్రాన్లు. అందులో చాలా కణాలు స్తంభాల మొహమే చూడవు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మీదా అతుక్కుంటాయి. అందుకే ఐఎస్ఓ 22196 (ఉపరితలం బ్యాక్టీరియాను ఎంత తగ్గిస్తుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిని చిన్నది చేసుకో. అసలు పద్ధతిలో 50 మిల్లీమీటర్ల చదరానికి 0.4 మిల్లీలీటర్లు పోసి, 40 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పుతారు. నీటి పొర పావు మిల్లీమీటరు. నీ ముక్కకు 9×9 ఫిల్మ్, 20 మైక్రోలీటర్లు. మిల్లీలీటరుకు 6 లక్షల కణాలు ఉంటే చుక్కలో 12 వేలు పడతాయి. అసలు పద్ధతిలో 35 డిగ్రీలు, 24 గంటలు, తేమ 90 శాతానికి తగ్గకూడదు. నువ్వు 3 గంటల దగ్గర కూడా ఒకటి చూడు.

తేమ మాట తేలిగ్గా తీసుకోవద్దు. మన హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గదిలో 20 మైక్రోలీటర్ల చుక్క ఎంతసేపు ఉంటుందనుకున్నావు? అంచుల నుంచి ఆరిపోతుంది, ఆరితే చస్తాయి, నునుపు ప్లేటు మీద కూడా. మూత బిగుతుగా పడే డబ్బా, అడుగున తడి టిష్యూ, దాని మీద చిన్న స్టాండు. ఇంక్యుబేటర్‌లో ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు.

పూర్తయ్యాక ఫిల్మ్‌తో సహా ముక్కను 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో వేసి (0.85 శాతం ఉప్పు, 0.1 శాతం ట్వీన్ 80) అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టి, మొత్తం లెక్కపెట్టు. అప్పుడు అతుక్కున్నవీ తేలుతున్నవీ కలిసే వస్తాయి, ఎక్కడికీ తప్పించుకోవు. ఆ బాత్ కూడా కొన్నింటిని చంపుతుంది కాబట్టి ముక్క లేకుండా ఉత్త బ్యాక్టీరియా సస్పెన్షన్‌ను అంతే సేపు పెట్టి చూసుకోవాలి. డీఅయనైజ్డ్ నీళ్ళలో మాత్రం కడగొద్దు, పొర దెబ్బతిన్న కణాలు ఉప్పు లేని నీటికే పగిలిపోతాయి.

లైవ్-డెడ్ రంగు (బతికిన, చచ్చిన కణాలను వేరు రంగుల్లో చూపేది) దీనికి తోడు మాత్రమే, బదులు కాదు. ప్రొపీడియం అయోడైడ్ పొర చిరిగిన కణంలోకే వెళుతుంది, నిజమే. కానీ బయట పడి ఉన్న డీఎన్ఏను కూడా ఎర్రగా చూపిస్తుంది. ఎరుపు శాతం ఒక్కటే రాయకు, చదరపు మిల్లీమీటరుకు మొత్తం ఎన్ని కణాలున్నాయో కూడా రాయి.

కంది_ఎంటెక్

మేడమ్, రంగు వేసేముందు ముక్కను పైకి తీసి కడగొచ్చా?

ప్లేట్_కౌంట్

వద్దు. 2020లో మాంట్రియల్ మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు తేల్చింది ఇదే. నీటిని ఇష్టపడే నానో స్తంభాల మీద కణం ఊరికే కూర్చుంటే త్వరగా చావదు. గాలీ నీరూ కలిసే గీత దాని మీదుగా జరిగినప్పుడు, ఆ ఒత్తిడికి స్తంభాల మీద నొక్కుకుని చస్తుంది. ముక్కను చిమటాతో పైకెత్తిన ప్రతిసారీ ఆ గీత దాని మీద నుంచి పోతుంది. ద్రావణం లోపలే సగం తీసి సగం పోస్తూ మార్చు, ముక్క ఎప్పుడూ మునిగే ఉండాలి. లేదా ఎత్తినదీ ఎత్తనిదీ రెండూ చేసి పక్కపక్కన పెట్టు. అప్పుడు నీ థీసిస్‌లో అసలు విషయం అదే అవుతుంది.

తార్నాక_కెమిస్ట్

మెకానిజం మాట వచ్చింది కాబట్టి: స్తంభం మేకులా గుచ్చుకుంటుందని చాలామంది బొమ్మ వేస్తారు. 2013 జీవభౌతిక నమూనా చెప్పేది వేరు. ముళ్ళకంచె మీద ఆరేసిన తడి చీర ముల్లు దిగిన చోట కాదు, రెండు ముళ్ళ మధ్య లాగుడు పడిన చోట చిరుగుతుంది, అలాగ. గ్రామ్ పాజిటివ్ గోడ 20 నుంచి 80 నానోమీటర్ల మందం, సాగదు. అందుకే మొండికేస్తుంది.

సెమ్_చూపు

ఆ ఒక్క నమూనాతో సరిపెట్టలేం అన్నా. 2020లో బ్రిస్టల్ బృందం టైటానియం నానో స్తంభాల మీద ప్రతి కణమూ చీలడం చూడలేదు. స్తంభాలు కణ కవచాన్ని వంచడం, కొన్నిచోట్ల దిగడం, లోపల ఆక్సీకరణ ఒత్తిడి పెరగడం, పెరుగుదల మందగించడం, అన్నీ కలిసి కనిపించాయి. సికాడా రెక్కకు రాసిన నమూనాను హైడ్రోథర్మల్ తీగలకు ఎత్తి అతికించకూడదు. అక్కడ వరస, ఇక్కడ అడవి.

తార్నాక_కెమిస్ట్

ఆక్సీకరణ ఒత్తిడి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ట్యూబ్‌లైట్. 450లో కాల్చిన పొరలో అనటేజ్ (టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకటి) ఉంటుంది, అతినీలలోహితం తగిలితే అది ఆకారంతో పని లేకుండానే చంపుతుంది. పరీక్ష డబ్బాకు రేకు చుట్టి చీకట్లో చెయ్యాలి. కిటికీ పక్కన బెంచీ మీద చేసిన ఫలితం నేను నమ్మను. కాల్చిన నునుపు ప్లేటు కంట్రోల్‌గా తప్పనిసరి, ఉత్త పాలిష్ చేసినది ఒక్కటే చాలదు.

ఇంకొకటి, తీగల అడుగున క్షారం మిగిలిపోతుంది. ప్లేటును 5 మిల్లీలీటర్ల సెలైన్‌లో రాత్రంతా ఉంచి పీహెచ్ చూడు. 8 దాటితే చంపేది స్తంభం కాదు.

సెమ్_చూపు

నిల్వ కూడా. కాల్చి తీసిన రోజు నీటి చుక్క పూర్తిగా పరుచుకుంటుంది, కాంటాక్ట్ కోణం (చుక్క అంచు ప్లేటుతో చేసే కోణం) 10 డిగ్రీల లోపు. గాలిలో వారాల తరబడి ఉంటే హైడ్రోకార్బన్ మురికి పట్టి కోణం పెరుగుతూ పోతుంది. నునుపూ నానో ఒకే రోజు కాల్చి, ఒకే వయసులో పరీక్షించు.

ఎముకల_వార్డు

అంతా బాగుంది. ఆపరేషన్ టేబుల్ వైపు నుంచి రెండు మాటలు. ఇంప్లాంట్ (శరీరంలో అమర్చే లోహపు భాగం) ఇన్ఫెక్షన్లలో ఎక్కువ వాటా స్టెఫైలోకాకస్‌లదే, అంటే గ్రామ్ పాజిటివ్. 2015లో తూనీగ రెక్కను అనుకరించి హైడ్రోథర్మల్‌గా చేసిన టైటానియం సూడోమోనాస్‌లో దాదాపు సగాన్ని చంపితే, ఆరియస్‌లో 20 శాతం. 2017లో ఐఐఎస్సీ వాళ్ళ క్లోరిన్ ఎచింగ్ నల్ల టైటానియం నాలుగు గంటల్లో సూడోమోనాస్‌ను 98 శాతం చంపితే, ఆరియస్‌ను 22 శాతమే చంపింది, 24 గంటలు ఉంచితే గానీ అది 76కి చేరలేదు. మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చే సూక్ష్మజీవి దగ్గరే ఈ పద్ధతి బలహీనం.

రెండోది, ముక్క శరీరంలోకి వెళ్ళిన వెంటనే రక్తంలోని ఆల్బుమిన్, ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్లు దాని మీద పొరకడతాయి. చచ్చిన కణాల చెత్త కూడా కొనల మధ్యే ఇరుక్కుంటుంది, తర్వాత వచ్చే బ్యాక్టీరియాకు అదే మెత్తటి పరుపు. స్క్రూను ఎముకలోకి బిగించేటప్పుడు ఆ తీగలు ఎన్ని మిగులుతాయో కూడా చూడాలి.

ప్లేట్_కౌంట్

ఒప్పుకుంటాను డాక్టర్ గారూ. 50 శాతం చావు అంటే 0.3 లాగ్ (ఒక లాగ్ అంటే పదోవంతుకు తగ్గడం). జపాన్ జేఐఎస్ ప్రమాణం అడిగేది 2 లాగ్, అంటే 99 శాతం. అందుకే కంది తమ్ముడు శాతాలతో పాటు లాగ్ విలువ కూడా రాయాలి. గ్రాఫులో 50 శాతం గొప్పగా కనిపిస్తుంది, లాగ్ స్కేలు మీద గీత కదిలినట్టే ఉండదు. ప్రొటీన్ సంగతికి ఒక ముక్కను ముందే 10 శాతం సీరంలో గంట నానబెట్టి పరీక్షిస్తే సరిపోతుంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. సూక్ష్మజీవుల జాతులు చండీగఢ్ ఎంటీసీసీ (సూక్ష్మజీవుల జాతులు భద్రపరిచి ఇచ్చే సంస్థ) నుంచి తెప్పించుకో. ఆరియస్‌కు బయోసేఫ్టీ లెవెల్ 2 (రోగకారక క్రిములకు తగ్గ భద్రత) ల్యాబ్ ఉండాలి, గైడ్‌తో ముందే మాట్లాడు.

గచ్చిబౌలి_గాడ్జెట్

మధ్యలో వస్తున్నా. ఆన్‌లైన్‌లో "నానో కోటింగ్, 99.9% జెర్మ్ కిల్" అని స్ప్రే అమ్ముతున్నారు. మెట్రో పట్టుకునే రాడ్లకూ ఫోన్ కవర్లకూ కొట్టుకోమంటున్నారు. ఇదేనా అది?

జీడిమెట్ల_టూల్‌రూమ్

కాదు భయ్. స్ప్రే కొడితే స్తంభాలు మొలుస్తయా? వెండో ఏదన్న రసాయనమో కలుపుతరు. రాడ్ మీద వేల చేతులు రుద్దుకుంట పోతయి, చెమట, నూనె, దుమ్ము. 200 నానోమీటర్లది అక్కడ పూటకు నిలవదు.

కంది_ఎంటెక్

అందరికీ థాంక్స్. ఎన్ని ముక్కలు కోయించాలో లెక్క తప్పుతోంది. ఒకసారి చూడండి: నునుపు, కాల్చిన నునుపు, నానో, బంగారం పూసిన నునుపు, బంగారం పూసిన నానో. రెండు బ్యాక్టీరియాలు, మూడేసి సార్లు, మూడేసి ముక్కలు. 90 వస్తోంది.

ప్లేట్_కౌంట్

ఒకే కల్చర్ నుంచి తీసిన మూడు ముక్కలు మూడు ప్రయోగాలు కావు, ఒకటే. కల్చర్లు మూడు వేరు రోజులవి కావాలి, ముక్కలు రెండేసి చాలు. కాలనీల లెక్కకు మూడు రకాలు × రెండు బ్యాక్టీరియాలు × మూడు కల్చర్లు × రెండు ముక్కలు, మొత్తం 36. రంగుకు ఒక్కో ముక్క, 18. బంగారం జత ఈ.కోలీకి మాత్రమే, కాల్చిన నునుపు మీదా నానో మీదా ఆరేసి, 12.

తార్నాక_కెమిస్ట్

అంటే నానో ముక్కలు 24 పరీక్షకు. బాంబుకు ఐదు పెట్టు, ఆరు బ్యాచ్‌లు, 30. ప్రతి బ్యాచ్ నుంచి ఒకటి మైక్రోస్కోపుకి, దాన్ని మళ్ళీ బ్యాక్టీరియాకు వాడకు. మిగతా నాలుగింటిని అన్ని పరీక్షల్లోకీ పంచు. ఒక బ్యాచ్ మొత్తం ఈ.కోలీకి, ఇంకోటి ఆరియస్‌కు పోతే బ్యాచ్ తేడాను బ్యాక్టీరియా తేడా అనుకుంటావు. మొత్తం 72. సీరం పరీక్ష దీనికి అదనం.

జీడిమెట్ల_టూల్‌రూమ్

100×100 షీటు ఒక్కటి తెచ్చుకో. 0.25 తీగతోని కోత సుమారు 0.3 పోతది, వరుసకు తొమ్మిది, మొత్తం 81 ముక్కలొస్తయి. తొమ్మిది ఎక్కువుంటయి, సీరంకు, పాలిషింగుల పోయినయాటికి సరిపోతయి. పాలిష్ చేసేముందే ప్రతి ముక్క వెనకాల నంబర్ గీకు, మార్కర్‌తోని రాస్తే అసిటోన్‌ల పోతది.